చైనా క్యాంప్ కాలిబాటలు: నీళ్ళు, చక్రాలు, పాత తగవు

కాలిఫోర్నియా బే ఆకుల సీసా మూత తీస్తే వచ్చే వాసన మన బిర్యానీ ఆకు వాసనలా ఉండదు. మన ఆకులో దాల్చినచెక్క తీపి ఉంటుంది. ఇది కర్పూరం కలిపినట్టు ఘాటుగా ముక్కుకెక్కుతుంది. మొన్న వంటింట్లో ఆ మూత తీయగానే శాన్ రఫేల్ పక్కన ఉన్న చైనా క్యాంప్ స్టేట్ పార్కు కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ నీడ పడే వాలుల నిండా ఈ చెట్లే. బాట మీదికి వాలిన పచ్చికొమ్మను రంపంతో కోస్తే ఆ వాసన చేతి తొడుగులకు పట్టేది, ఒకటి రెండు ఉతుకులకు పోయేది కాదు. ఆ బాటలు, వాటి మీద తిరిగిన పాత సైకిళ్ళు, వాటిని రానివ్వాలా వద్దా అని సాగిన తగవు, ఈ గొడవతో సంబంధం లేనట్టు తన పని తాను చేసుకుపోయిన వాన నీరు, అన్నీ ఆ వాసన వెంటే వచ్చాయి.

కొండ సైకిలు పుట్టిల్లు

చైనా క్యాంప్ ఉన్నది మరిన్ కౌంటీలో. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే వచ్చేది ఆ కౌంటీయే. కొండ సైకిలుకు, అంటే మౌంటెన్ బైకుకు, పుట్టిల్లు అది. ఆ సైకిలుకు సన్నబాటల మీద ముందుగా తలుపులు మూసిన చోట్లలో కూడా అదొకటి.

1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ ఊరి పైనున్న ఒక ఫైర్ రోడ్డు (మంటలార్పే బండ్లు పోయే మట్టిరోడ్డు) మీద కొందరు కుర్రాళ్ళు దిగుడు పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ళలో దాదాపు 1,300 అడుగులు దిగే బాట అది. సైకిళ్ళేమో 1930లు, 40ల నాటి లావు టైర్ల ష్విన్ కంపెనీవి. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు, అదీ వెనక చక్రానికే. దిగుతూ బ్రేకు వేస్తూ ఉంటే చక్రం మధ్యలోని హబ్బు వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు దట్టించాలి. అందుకే ఆ రోడ్డుకు రీప్యాక్ అని పేరు స్థిరపడింది. వాళ్ళలో ఒకడైన గ్యారీ ఫిషర్ దాన్ని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. అక్కడే పందేలాడిన జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. 1979లో ఫిషర్, ఆ పందేలు నడిపిన చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్ళ స్టంప్‌జంపర్ వచ్చాక ఈ సైకిలు ఊరూరి దుకాణాలకూ చేరింది.

సైకిళ్ళు పెరిగినకొద్దీ పక్కనే ఉన్న టమల్‌పైస్ కొండ మీద నడిచేవాళ్ళకు గుండె దడ మొదలైంది. అది వాళ్ళు తరాలుగా నడుస్తున్న కొండ. దాని బాటలను కాపాడే టమల్‌పైస్ కన్జర్వేషన్ క్లబ్ 1912 నాటిది. సన్నబాటలు సైకిళ్ళకు మూశారు. వెడల్పాటి ఫైర్ రోడ్ల మీద గంటకు 15 మైళ్ళ హద్దు పెట్టారు, మలుపుల దగ్గర 5 మైళ్ళే. రేంజర్లు రాడార్ గన్ను పట్టుకుని పొదల చాటున నిలబడేవాళ్ళు.

దేశం మొత్తం మీదా అదే కథ. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టంలో యాంత్రిక రవాణా కూడదన్న మాట ఉంది. అందులోకి సైకిలు కూడా వస్తుందని ఫారెస్ట్ సర్వీసు 1984లో నిబంధనల్లో తేల్చి రాసింది. నేషనల్ పార్కుల్లో 1987లో పెట్టిన నియమం ప్రకారం, రోడ్లకు, బస చోట్లకు దూరంగా ఉన్న బాట మీద సైకిలు తొక్కాలంటే ప్రత్యేక నిబంధన ఉండాల్సి వచ్చేది. గోల్డెన్ గేట్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో బాటలు మూసినప్పుడు మరిన్ సైకిలువాళ్ళు కోర్టుకెక్కారు. 1996లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు పార్కు పక్షానే తీర్పిచ్చింది.

ఆ వాతావరణంలో చైనా క్యాంప్ ఒక వింత. దాదాపు 1,500 ఎకరాల చిన్న పార్కు. శాన్ పాబ్లో అఖాతం అంచున ఉప్పునీటి చిత్తడి నేల, దాని పైన ఓక్ చెట్ల కొండ. అలాంటి చోట సన్నబాటల మీద నడిచేవాళ్ళు, గుర్రాలవాళ్ళు, సైకిలువాళ్ళు కలిసే తిరిగేవాళ్ళు. నీటి అంచు వెంట షోర్‌లైన్ ట్రెయిల్, పైన బే వ్యూ ట్రెయిల్.

అప్పటి చప్పుళ్ళు

ఆ రోజుల్లో సైకిలు వస్తోందని ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు చక్రానికి కాంటిలివర్ బ్రేకు, దాని రబ్బరు దిమ్మ రిమ్మును పట్టుకుంటే వచ్చే కీచు రెండు మలుపుల అవతలికి వినపడేది. దిమ్మలో ఇసుక ఇరుక్కుంటే గరగరమని రిమ్మునే గీకేసేది. గొలుసు ఫ్రేముకు తగిలి టకటకలాడేది. సస్పెన్షన్ లేని స్టీలు ఫోర్కు, 26 అంగుళాల చక్రం. వేర్ల మీద ఎగురుతూ దిగేసరికి మనిషి పళ్ళు కూడా మోగేవి. ఈ సైకిలు మీద గంటకు 12 మైళ్ళు వెళ్ళడమంటే సాహసమే.

ఇప్పుడు డిస్క్ బ్రేకు, 29 అంగుళాల చక్రం, ముందూ వెనకా షాకబ్సార్బర్లు. అదే వాలు, 20 మైళ్ళ వేగం, చప్పుడు లేదు. నడిచేవాళ్ళ భయం పెరగడానికి సగం కారణం ఈ నిశ్శబ్దమేనని నా నమ్మకం. పాత బ్రేకు చేసిన పనిని ఇప్పుడు హ్యాండిల్ మీది గంట చేయాలి. మలుపుకు యాభై అరవై అడుగుల ముందే కొట్టాలి. మనిషి వీపు దగ్గరికొచ్చాక కొడితే ఉలిక్కిపడి ఎటు జరుగుతారో వాళ్ళకే తెలియదు.

దారి చూసుకోవడానికి కాగితం మ్యాపు ఉండేది. చెమటకు మడతల దగ్గర చిరిగితే టేపు అంటించేవాళ్ళు. కూడళ్ళలో గోధుమరంగు చెక్క మీద చెక్కిన అక్షరాలు. వాటిలో సగం నాచు పట్టి కనపడేవి కావు. వాటిని తీగ బ్రష్షుతో రుద్ది, ఉలితో గీత లోతు చేసి, పసుపు రంగు వేయడం కూడా బాట పనిలో భాగమే.

పనిరోజు ఉదయం

పార్కులోని బ్యాక్ రాంచ్ మెడోస్ దగ్గర తొమ్మిదింటికి అందరూ చేరేవాళ్ళు. సంతకాల కాగితం, డోనట్ల పెట్టె, వరసగా నేల మీద పరిచిన పనిముట్లు. ముఖ్యమైనవి రెండు. మెక్లౌడ్ అంటే ఒకవైపు వెడల్పాటి పలక, రెండోవైపు లావు పళ్ళు. పులాస్కీ అంటే ఒకవైపు గొడ్డలి, రెండోవైపు వేర్లు తవ్వే సన్నపార. పనిముట్టును భుజాన వేసుకోకూడదు. చేతితో నడుము దగ్గర, వాలు దిగే వైపు పట్టుకోవాలి. కాలు జారితే దాన్ని అటు విసిరేయొచ్చు. మనిషికీ మనిషికీ మధ్య దూరం చేయి చాపి, పైన పనిముట్టు పొడవు కలిపినంత.

పాయిజన్ ఓక్ అనే దురద మొక్క సంగతి తెలియని కొత్తవాళ్ళకు ముందే చూపించేవాళ్ళు. మూడేసి ఆకులు, శీతాకాలంలో ఆకు రాలినా ఉత్త పుల్లలోనూ నూనె ఉంటుంది. కోసిన రంపాన్ని తడిమి ముఖం తుడుచుకుంటే వారం రోజులు దద్దుర్లే. పని కాగానే నూనె వదిలించే సబ్బుతో చల్లనీళ్ళలో కడగాలి. పనిముట్ల పిడులు కూడా.

శని, ఆదివారాల్లో అఖాతం అవతలి ఫ్రీమాంట్, డబ్లిన్ ఊళ్ళ వైపు నుంచి మనవాళ్ళ పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. హైస్కూలు సైకిలు జట్లలో ఉన్న పిల్లలకు బాట పని చేయడం ఒక ఆనవాయితీగా నేర్పుతారు. "అంకుల్, ఈ గట్టు మొత్తం తీసేయాలా?" అని అడిగి, గంటలో పది గజాలు శుభ్రం చేసేసేవాళ్ళు.

నీరు పల్లమెరుగు

ఆ గట్టు గురించి వివరంగా చెప్పాలి. పాడైన బాటల కథంతా దానిలోనే ఉంది.

కొత్తగా కొట్టిన బాట కొండవైపు నుంచి లోయవైపుకు కాస్త వాలి ఉంటుంది. నూటికి 5 వంతుల వాలు చాలు. నాలుగడుగుల వెడల్పుకు రెండున్నర అంగుళాల లోపే. పైనుంచి వచ్చిన నీరు పల్చగా పరుచుకుని బాటను అడ్డంగా దాటి పోతుంది. నాలుగైదేళ్ళు కాళ్ళు, గిట్టలు, చక్రాలు తిరిగేసరికి మధ్య భాగం అణిగి పళ్ళెంలా దిగుతుంది. చెదిరిన మట్టి, ఆకులు బయటి అంచున చేరి గడ్డి మొలిచి గట్టు కడుతుంది. ఇక నీరు దాటలేదు. బాట వెంబడే పరిగెడుతుంది. దూరం పెరిగినకొద్దీ వేగం, వేగం పెరిగినకొద్దీ కోత. అక్కడ శీతాకాలమే వానాకాలం. రెండు శీతాకాలాలు గడిస్తే మోకాలి లోతు గాడి. గాడిలో నడవలేక జనం పక్కన గడ్డిలో నడుస్తారు. రెండడుగుల బాట ఎనిమిదడుగులవుతుంది. అది చూసి సైకిళ్ళు పాడుచేశాయని ఒకరు, గుర్రాలు పాడుచేశాయని మరొకరు.

1994లో అచ్చయిన మొంటానా అధ్యయనం ఒకటి ఉంది. విల్సన్, సీనీ అనే ఇద్దరు బాటల మీద గుర్రాన్ని, మనిషిని, మోటారు సైకిలును, సైకిలును నడిపి, పైన వాన కురిపించి, కొట్టుకుపోయే మట్టిని కొలిచారు. చక్రాలకన్నా గిట్టలు, కాళ్ళే ఎక్కువ మట్టిని వదులు చేశాయని తేలింది. అలాగని సైకిలుకు తప్పు లేదనలేం. చక్రం బిగబట్టి జారుతూ దిగేవాళ్ళు మలుపుల ముందు గుంటలు పెడతారు. తడి బంకమట్టిలో టైరు గీసిన గాడి నీటికి మంచి కాలువ. టైరు ముద్ర లోతుగా దిగుతోందంటే వెనక్కి తిరిగి ఇంటికి పోవడమే. కానీ మూల దోషం బాట పడిన తీరుది. కొండవాలు ఎంతుందో బాట ఎక్కుడు అందులో సగం దాటకూడదు, మొత్తం మీద సగటున నూటికి 10 దాటకూడదు. పాత బాటల్లో చాలావరకు పశువులవీ గుర్రపుబండ్లవీ. అవి నిట్టనిలువుగా దిగుతాయి. అక్కడ ఎవరినీ రానివ్వకుండా తాళం వేసినా వాన మాత్రం వస్తూనే ఉంటుంది.

గట్టు తీయడం ఇలా. ముందు మెక్లౌడ్ పళ్ళతో ఆకుల పొర లాగాలి. పులాస్కీతో గడ్డి వేర్లు తెగ్గొట్టాలి. ఆ నల్లమట్టిని బాట మీద వేయకూడదు, నానితే బురదవుతుంది. వాలు కిందికి దూరంగా చల్లాలి. తర్వాత కొండవైపు పేరుకున్న మట్టిని లాగి, అడుగునున్న గట్టి మట్టి బయటపడేదాకా గీకి, బయటికి వాలు తేవాలి. మెక్లౌడ్‌ను పలక మీద నిలబెడితే పిడి ఎటు వాలిందో చూసి వాలు సరిపోయిందో లేదో చెప్పేయొచ్చు. ఇంకా అనుమానముంటే సీసాలో నీళ్ళు ఒలికిస్తే చాలు, తేలిపోతుంది.

పొడవాటి దిగుడుల్లో గట్టు తీస్తే సరిపోదు. నీటిని మధ్యమధ్య తప్పించాలి. పూర్వం అడ్డంగా దుంగ పాతేవాళ్ళు. దుంగ వెనక మట్టి నిండితే నీరు దాని మీదుగా దూకి కింద గొయ్యి పెడుతుంది. సైకిలువాడు దుంగను తప్పించుకోవడానికి పక్కనుంచి పోతాడు, అక్కడ ఇంకో బాట పడుతుంది. అందుకని ఇప్పుడు పల్లం తవ్వి, ఆ మట్టితోనే కింద పది పదిహేనడుగుల పొడవున నున్నటి మెట్ట కడతారు. దాన్ని పొట్టిగా కట్టడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. పొట్టి మెట్ట ఒక్క శీతాకాలంలో అరిగిపోతుంది. పొరపొరగా మట్టి వేసి, మెక్లౌడ్ పలకతో దిమ్మిస కొట్టినట్టు కొట్టాలి.

ఒకసారి కృష్ణా డెల్టా నుంచి కొడుకు దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన ఈ పని చూస్తూ నిలబడ్డారు. తలపాగాలా తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకు కొడుకు బూట్లు. "మేం నీళ్ళు నిలవడానికి గట్టేస్తాం, మీరు నీళ్ళు పోవడానికి గట్టు తీస్తున్నారు. అంతేగా బాబూ?" అన్నారు. అని ఊరుకోకుండా పార అందుకున్నారు. నీరు ఎక్కడ మళ్ళుతుందో ఆయనకు నేల చూస్తేనే తెలిసేది. ఆయన గీసిన చోటే గండి పెట్టారు, ఆ శీతాకాలం అక్కడ గాడి పడలేదు.

పడిన చెట్లు

1990ల మధ్యలో మరిన్‌లో ఓక్ చెట్లు ఉన్నట్టుండి చావడం మొదలైంది. దానికి సడన్ ఓక్ డెత్ అని పేరు. కారణం ఫైటాఫ్తోరా రామోరమ్ అనే సూక్ష్మజీవి. బే చెట్టు దీనితో చావదు. కానీ దాని ఆకుల మీద ఇది పెరిగి, వాన చినుకులతో పక్కనున్న ఓక్ మీదికి చేరుతుంది. బూట్లకు, టైర్లకు అంటిన బురదతోనూ పోతుంది. అందుకే తడి రోజుల్లో పార్కు దాటేముందు బురద గీకేయమని చెప్పేది.

ఎండిన ఓక్ బాటకు అడ్డంగా పడితే వెంటనే తీయాలి, లేకపోతే చుట్టూ కొత్త బాట పడుతుంది. మోటారు రంపం శిక్షణ ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళకు చేతిరంపం. దుంగ రెండు చివర్లూ నేల మీద ఆని మధ్య గాల్లో ఉంటే పైభాగం నొక్కుకుని ఉంటుంది, అడుగుభాగం సాగి ఉంటుంది. పైనుంచి మూడో వంతు కోసి, తర్వాత కింది నుంచి పైకి కోయాలి. పైనుంచే కోస్తూ పోతే రంపం కరుచుకుపోతుంది. నిలబడేది ఎప్పుడూ దుంగకు పైవాలున. కోసిన కొమ్మలను తెగిన మొదలు బాట నుంచి అవతలికి ఉండేలా పారేయాలి. మోడు మిగల్చకుండా మానుకు దగ్గరగా కోయాలి, పడినవాళ్ళకు గుచ్చుకోకుండా.

పార్కు మూస్తామన్న సంవత్సరం

2011 మేలో కాలిఫోర్నియా రాష్ట్రం డబ్బు లేదని 70 స్టేట్ పార్కులు మూస్తామని జాబితా ఇచ్చింది. చైనా క్యాంప్ అందులో ఉంది. అప్పటికే పనివాళ్ళు తగ్గిపోయి, తూములు పూడిపోయి, పొదలు భుజాలకు రాసుకుంటున్నాయి. రొయ్యలు పట్టే చైనా బెస్తవాళ్ళ పాత పల్లె కూడా ఆ పార్కులోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్ళు అక్కడ రొయ్యలు పట్టి, ఎండబెట్టి, స్వదేశానికి పంపేవాళ్ళు. ఆ పల్లెలో మిగిలిన చివరి మనిషి ఫ్రాంక్ క్వాన్ అప్పటికింకా అక్కడే ఉన్నాడు. 2016లో పోయాడు.

లాభాపేక్ష లేని సంస్థలు పార్కు నడపొచ్చని 2011లోనే చట్టం వచ్చింది. 2012లో ఫ్రెండ్స్ ఆఫ్ చైనా క్యాంప్ అనే అలాంటి సంస్థ నిర్వహణ చేతిలోకి తీసుకుంది. అదే ఏడు జూలైలో పార్కుల శాఖ లెక్కల్లో చూపని దాదాపు 5 కోట్ల 40 లక్షల డాలర్లు బయటపడ్డాయి, శాఖాధిపతి రాజీనామా చేశారు. ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసినవాళ్ళకు ఆ వార్త ఎంత మంట పుట్టించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ గడ్డుకాలంలో పార్కు గేటు తెరిచి ఉంచినవాళ్ళలో నడిచేవాళ్ళూ ఉన్నారు, సైకిలువాళ్ళూ ఉన్నారు. మీటింగు హాల్లో ఒకరినొకరు చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు ఒకే తూము దగ్గర వంగి మట్టి తీశారు. బాట మీద సైకిలుకు చోటు ఇచ్చిన పార్కుకు పని చేయడానికి చేతులు కూడా దొరికాయి. ఈ మాట గట్టిగానే చెబుతాను.

భయానికి లెక్క

మట్టి విషయంలో సైకిలువాళ్ళ వాదనే నిలుస్తుంది. భయం విషయంలో నడిచేవాళ్ళదే న్యాయం, దాన్ని ఏ మట్టి లెక్కా కొట్టేయలేదు. గంటకు 15 మైళ్ళంటే సెకనుకు 22 అడుగులు. మనిషిని చూసి చేయి బ్రేకు మీద పడేసరికే ఒక సెకను పోతుంది. వదులు మట్టిలో ఆగేసరికి మరో ఇరవై అడుగులు. మొత్తం నలభై పైమాటే. మలుపులో చూపు ఇరవై అడుగులే ఆనితే ఢీకొట్టక తప్పదు. అదే 5 మైళ్ళయితే పది పన్నెండు అడుగుల్లో ఆగిపోతుంది. మలుపుల్లో 5 అన్న హద్దుకు అర్థం ఇదే.

ఊరికే బోర్డు పెడితే వేగం తగ్గదు. మలుపు లోపలి అంచున పొదలు కోసి చూపు పెంచాలి, అంతకుముందే రెండు బండరాళ్ళ మధ్య బాటను సన్నం చేసి వేగం విరగ్గొట్టాలి. చూపు పెంచి బాట సన్నం చేయకపోతే వేగం ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ కలిసే చేయాలి.

షోర్‌లైన్ ట్రెయిల్ మీద చీర, స్పోర్ట్స్ బూట్లతో నడిచే మన అమ్మమ్మలు కనపడుతుంటారు. ఒకావిడ వెనకనుంచి వచ్చిన కుర్రాణ్ణి చూసి అదిరిపడి, "గంట కొట్టొచ్చు కదా నాయనా!" అంది. ఆ కుర్రాడు మనవాడే. దిగి, సైకిలు పక్కకు పెట్టి, "సారీ అమ్మమ్మా, మీరు వెళ్ళండి" అన్నాడు. బాట మర్యాద కూడా అదే: సైకిలు అందరికీ దారివ్వాలి, మనిషి గుర్రానికి దారివ్వాలి. గుర్రం ఎదురైతే వాలు కింది వైపు నిలబడి, నెమ్మదిగా నాలుగు మాటలు మాట్లాడాలి. పైనుంచి కదలకుండా చూసే ఆకారాన్ని అది వేటాడే మృగం అనుకుంటుంది.

ఇప్పటి కొత్త తగవు

ఇప్పుడు చర్చ ఈ-బైకుల, అంటే మోటారు సాయమున్న సైకిళ్ళ మీదికి మళ్ళింది. పాత ఒప్పందాలన్నీ సైకిలు ఎక్కేటప్పుడు నెమ్మదిగానే వస్తుందన్న లెక్క మీద చేసినవి. పెడలు తొక్కితేనే పనిచేసే క్లాస్ 1 రకం మోటారు గంటకు 20 మైళ్ళ దాకా సాయం చేస్తుంది. ఇకమీదట ఎక్కేవాడూ దిగేవాడూ ఒకే మలుపులో వేగంగా ఎదురుపడతారు. కాబట్టి చూపు లెక్క రెండు వైపులా వేసుకోవాలి, బండరాళ్ళు మలుపుకు రెండు పక్కలా పెట్టాలి. 2019లో అమెరికా కేంద్ర ప్రభుత్వంలో నేషనల్ పార్కులను చూసే ఇంటీరియర్ శాఖ తన భూముల్లో ఈ-బైకులకు దారి తెరవమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ఈ పనికి కావలసిన పారలు, మనుషులు ఎక్కడినుంచి వస్తారన్నది చాలాచోట్ల ఎవరూ అడగలేదు.

బాటకు ఏ చక్రాన్ని రానిచ్చినా, ఎవరిని ఆపినా, గట్టు తీసే రోజులు మాత్రం మారవు. వేసవి మట్టి పొడై లేస్తుంది, ఎంత కొట్టినా గట్టిపడదు. జనవరి మట్టి పారకు అంటుకుని ఊడదు. తొలకరి పడ్డాక, నేల లోపలిదాకా చెమ్మ దిగి, పిడికిట్లో పట్టుకుంటే ముద్దయి నీరు కారకుండా ఉండే ఆ రెండు మూడు వారాల్లోనే పని కావాలి. బే వ్యూ మీద పాత దుంగలు కొన్ని ఇంకా పాతినచోటే ఉన్నాయి. ముందు అవి తీయాలి.